నల్లగొండ ఎండల్ల క్లోవర్ లాన్: కొన్ని ఎండాకాలాలు దాటినాక నా రివ్యూ

ముందే చెప్తున్న, మన దిక్కు పొద్దంతా ఎండ పడే జాగల క్లోవర్ లాన్ (గడ్డికి బదులు నేల మీద పరుచుకునే మూడాకుల మొక్క) పెడదామని ఎవరన్నా అనుకుంటుంటే వద్దు. మధ్యాహ్నం నీడ వచ్చే జాగ ఉంటే పెట్టుకోండ్రి, అది కూడ పన్నెండు నెలలు పచ్చగుంటదని ఆశ పెట్టుకోకుండ. వీడియోలల్ల చూస్తే నీళ్లు తక్కువ తాగుతది, కోసే పని ఉండది, ఎరువు అక్కర్లేదు అని ఒకటే ఊదరగొడ్తరు. ఎరువు ముచ్చట నిజమే, కోసుడు సగం నిజం, నీళ్ల ముచ్చట మాత్రం మన నల్లగొండకు సూట్ కాదు.

మా ఇల్లు టౌన్ బయట కొత్త వెంచర్ల ఉంటది. ఇంటి ముందర రెండు వందల చదరపు అడుగుల జాగ, ఎర్ర చెల్క నేల, అందుల సగం మీద వేపచెట్టు నీడ పడ్తది, మిగిలిన సగానికి పొద్దుగూకేదాక ఎండే. తాగనీకి భగీరథ నీళ్లు వస్తయి గని చెట్లకు పోసేది బోరు నీళ్లే, అవి ఎట్లుంటయో ఈ జిల్లాలోళ్లకు నేను చెప్పే పన్లేదు, బకెట్ అడుగున తెల్లగ పొర కడ్తది. ఈ రెండు సగాలల్ల ఒక్కటే రోజు ఒక్కటే విత్తనం చల్లినం, అందుకే తేడా బాగ తెలిసింది.

విత్తనం ఆన్‌లైన్ల తెప్పించిన, వైట్ క్లోవర్, అసలు పేరు ట్రైఫోలియం రెపెన్స్. ఆవాల కంటే చిన్నగుంటయి గింజలు, చదరపు మీటరుకు మూడు నాలుగు గ్రాములు చాలు, ఇసుకల కలిపి చల్లాలె, లేకపోతే అంత ఒక్కకాడనే కుప్ప పడ్తది. మన్ను లోతుగ కప్పొద్దు, పైపైన కట్టెతోని గీరితే చాలు. చల్లే టైమే ముఖ్యం, దసరా పోయినంక వానలు ఆగి రాత్రిపూట జర చల్లగయితున్నప్పుడు చల్లాలె. వానలు మొదలైనయి కదా అని జూన్ల చల్లితే మొలక వచ్చుడేమో వస్తది గని తుంగ, గరక, వయ్యారిభామ అన్ని దానికంటే ముందే లేచి కప్పేస్తయి.

దీపావళి దాటినంక చూడాలె మరి. చిన్నచిన్న మూడాకులు, ఆకు మీద తెల్లటి గీత, సంక్రాంతి వరకు నేల కనపడకుండ పరుచుకుంది, పొద్దుగాల మంచు పడి ఉంటే చెప్పులిడిసి నడవబుద్ధయితది. పక్కింటి పెద్దమ్మ వచ్చి ఇది పులిచింత కూర గదా బిడ్డా, దీనికి పైసలు పెట్టి విత్తనాలు కొన్నవా అని నవ్వింది. దూరం నుంచి చూస్తే నిజంగ గట్లనే ఉంటది, గని పులిచింత ఆకు గుండె ఆకారంల ఉంటది, నోట్లేస్తే పుల్లగుంటది, పసుపు పూలు పూస్తది, ఇది వేరే. ఆమెకు చెప్పి చూసిన, నమ్మలే.

ఎరువు సంగతి అన్న కదా. పల్లి చెట్టు పీకినప్పుడు ఏర్లకు బుడిపెలు చూసే ఉంటరు, పాలమూరు దిక్కోళ్లకయితే చిన్నప్పటి నుంచి తెలుసు. క్లోవర్‌కు కూడ అవే ఉంటయి, ఒక మొక్క పీకి బుడిపె చిదిమి చూస్తే లోపల గులాబి రంగు ఉంటది, అట్లుంటే గాలిల నత్రజని పట్టుకునే పని నడుస్తున్నట్టు. కాకపోతే పల్లికి వాడే రైజోబియం కల్చర్ (విత్తనానికి పట్టించే, ఆ బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా) దీనికి పనిచెయ్యది, క్లోవర్ జాతికి వేరే ఉంటది. ఉత్తరాదిల బర్రెలకు చలికాలం వేసే బర్సీమ్ కూడ ఈ క్లోవర్ కుటుంబమే. కల్చర్ పట్టించిన విత్తనం వేసిన కాడ యూరియా ఒక్క గింజ వెయ్యకున్నా ఆకు ముదురు పచ్చగ ఉంది, ఇక్కడ మాత్రం ఫుల్ మార్కులు.

ఇగ ఎండాకాలం. శివరాత్రి దాటంగనే ఎండ పడే సగంల క్లోవర్ మెల్లగ డల్ అయితది, మార్చి ఆఖర్ల ఆకులు చిన్నగయి మధ్యాహ్నం ముడుసుకుంటయి, సాయంత్రం నీళ్లు కొడితే మళ్ల లేస్తయి, ఏప్రిల్ల లేవయి. ఇది చల్లటి దేశాల మొక్క, ఇరవై ఇరవై అయిదు డిగ్రీలల్ల బాగ పెరుగుతది, మన దగ్గర మే నెలల 44, 45 కొడ్తది, దాని తప్పేముంది. రోహిణి కార్తె వచ్చేసరికి ఎండ పడ్డ సగం అంత బూడిద రంగు పోగులు, కింద ఎర్రమట్టి. వేప కిందిది మాత్రం పల్చగయింది గని పాణం పోలే, మృగశిర వానలకు గణుపుల కాడ మళ్ల చిగురు పెట్టింది.

నీడలున్నది కూడ రెండో ఏడు ఎండకు మొదటేడంత తట్టుకోలే. దీనికి కారణం ఉంది. విత్తనం నుంచి వచ్చిన తల్లి ఏరు లోతుకు పోతది గని అది ఏడాది రెండేళ్లకే చచ్చిపోతది, తర్వాత నేల మీద పాకే తీగకు గణుపు గణుపుకు పుట్టే చిన్న ఏర్ల మీదనే మొక్క అంత బతకాలె, ఆ ఏర్లు పైపైననే ఉంటయి. మన చెల్క నేల పై పొర మేల నాలుగు రోజులకే అట్టగడ్తది, ఇగ ఏం తాగుతది. పోనీ గింజ రాలి మళ్ల మొలుస్తదా అంటే అది కూడ లేదు, పగలు పొడుగైతున్న కొద్ది పూసే మొక్క ఇది, మన దిక్కు పగలు పొడుగయ్యేసరికే ఎండ మాడుస్తది, నేను చూసిన పూలు చాన తక్కువ. అందుకే నా మటుకు ఇది లాన్ కాదు, మెంతికూర లెక్క ఏటా చలికాలం చల్లుకునేది.

నీళ్ల లెక్క ఎవ్వరు సక్కగ చెప్పరు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటర్ నీళ్లంటే ఒక లీటరు. ఎండాకాలం రోజుకు ఆరు మిల్లీమీటర్లు వేసుకున్నా రెండు వందల అడుగుల జాగకు నూటపది లీటర్లు రోజూ పొయ్యాలె. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలు మనవి, అది కూడ దాదాపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకనే, మేల బోర్లు గురగుర అనే టైమ్ల గడ్డికి అన్ని నీళ్లు పోస్తుంటే ఇంట్లోళ్లు ఊరుకుంటరా. దానికితోడు మా బోరు ఉప్పు నీళ్లు క్లోవర్‌కు అస్సలు పడయి, ఆకు అంచులు కాలుతయి, ముందు ఎరువు తక్కువైందేమో అనిపిస్తది గని అది నీళ్ల ఎఫెక్టే, వాన నీళ్లు పడ్డ వారానికే కొత్త ఆకు క్లీన్‌గ వచ్చింది.

వానాకాలంల ఇంకో గోల. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే మధ్యల గుండ్రంగ కుళ్లుతది, తెల్లటి బూజు దారాలు, వాటి మీద ఆవగింజల్లాంటి గుండ్లు, పల్లి చేన్ల మొదలుకుళ్లు చూసినోళ్లు ఇట్టె గుర్తుపడ్తరు, అదే స్క్లెరోషియం. మందు కొట్టలే, కుళ్లింది మన్నుతో సహా తీసి పారేసిన. కలుపుకు 2,4-డి (వెడల్పాకు కలుపును చంపే మందు) కొడదామనుకుంటే క్లోవర్ కూడ వెడల్పాకు మొక్కే, దానికి కూడ దెబ్బే. అమెరికాల ఒకప్పుడు లాన్ విత్తనాలల్ల క్లోవర్ కలిపే అమ్మేటోళ్లంట, 1940లల్ల ఈ మందు వచ్చినంకనే అది కలుపు మొక్క కింద జమైంది. తుంగకయితే ఖుర్పీ పట్టుకొని కూసునుడే, వేరే దారి లేదు.

ఎండ సగంల ఇప్పుడేముందంటే గరక, బొక్కెనాకు. బొక్కెన అంటే చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద నేలకు అంటుకొని పాకుతది, తెల్లగ ఊదాగ బుడ్డ పూలు పూస్తది, ఎవ్వరు పట్టించుకోరు. ఫైలా నోడిఫ్లోరా దాని పేరు, బయటి దేశాలల్ల దీని రకాలనే నీళ్లు తక్కువ తాగే లాన్ అని అమ్ముతరు, మనం గట్టు మీద నుంచి రెండు తీగలు తెచ్చి నాటితే ఫ్రీ. ఎండకు ఆకు చిన్నగైతది గని చావది, వారానికి ఒకసారి తడిపినా నడుస్తది. పూల మీద తేనెటీగలుంటయి, పిల్లలు ఉత్త కాళ్లతోని ఉరికే ఇల్లయితే పూలు కోసెయ్యాలె. ఆగదు కూడ, పక్క పాదులల్లకు పోతది, ఆస్ట్రేలియాల నది ఒడ్లల్ల దీని చుట్టం ఫైలా కానెసెన్స్ పెద్ద బెడదైంది, అంచుకు ఇటుకలు పాతి పెట్టిన. మెత్తదనంల మాత్రం క్లోవర్‌కు సాటి రాదు, ఒప్పుకోవాలె. నర్సరీలల్ల పసుపు పూల అరాకిస్ కూడ అంటగడ్తరు, పల్లి జాతే, ఎండకు ఓర్చుకుంటది గని దానికి నీళ్లు గట్టిగనే కావాలె.

వేప కింద మాత్రం ఈ కార్తీకానికి కూడ క్లోవర్ చల్లుతున్న, మిగిలిన విత్తనం గాలి పోకుండ సీసాల ఫ్రిజ్‌ల పెట్టినం. చలికాలంల నెలకోసారి కోస్తే తట్టెడు వస్తది, పాలాయన బర్రెకు వేస్తనని అడిగి తీస్కపోతడు. మంచు తడి మీద అదొక్కటే కడుపునిండ పెడితే బర్రె కడుపు ఉబ్బుతది, అందుకే పొద్దెక్కినంక ఆరబెట్టి, వరిగడ్డిల కలిపి కొంచెం కొంచెం వెయ్యమని చెప్పి ఇస్తున్న.