ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఒకే మనిషి రెండు ఖాతాలు కలపడం: ఏళ్లు వాడాక

రొయ్యల మేత, చేపల మేత అప్పు మీద అమ్మే భీమవరం డీలర్ లెక్కలు ఏళ్లుగా ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి. అందులో ఒకే మనిషి పేర రెండుసార్లు తెరిచిన కస్టమర్ ఖాతాలను కలిపే సదుపాయం గురించే ఈ సమీక్ష. కలిపే పని అది చక్కగా చేస్తుంది. కలపాలో వద్దో తేల్చుకోవడంలో మాత్రం ఏ సాయమూ చెయ్యదు, వెనక్కి తిప్పే బటనూ లేదు.

కస్టమర్ పేజీలో మూడు చుక్కల మెనూ తెరిచి రీనేమ్ నొక్కాలి. ఉంచదలచిన ఖాతా పేరు ఉన్నదున్నట్టు రాసి, 'మెర్జ్ విత్ ఎగ్జిస్టింగ్' దగ్గర టిక్ పెట్టాలి. ఖాతాలకు సీరీస్ నంబర్లు పెట్టుకున్నవాళ్లు పేరు కాదు, ఆ నంబరు రాయాలి. బిల్లులు, రసీదులు, లెడ్జర్ ఎంట్రీలు, అడ్రసులు, కాంటాక్టులు అన్నీ ఉంచిన ఖాతా కిందికి వచ్చేస్తాయి. రెండోది డిలీట్ అవుతుంది. పాత బిల్లుల మీద అచ్చయ్యే పేరు మాత్రం పాతదే ఉంటుంది, అది తప్పు కాదు.

డిలీట్ అయిన ఖాతాతోపాటే దాని క్రెడిట్ లిమిట్, పేమెంట్ టర్మ్స్, ధరల జాబితా కూడా పోతాయి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒక రైతుకు రెండు ఖాతాల్లో రెండేసి లక్షల లిమిట్, మొత్తం మూడు లక్షల బాకీ ఉందనుకోండి. కలిపాక బాకీ మూడు లక్షలు, లిమిట్ రెండే. మేత బస్తాలు బండికెక్కి ఉంటాయి, బిల్లు మాత్రం సబ్మిట్ కాదు. కాబట్టి ముందు లిమిట్ సరిచేసి, ఆ తర్వాతే కలపండి. రెండు ఖాతాలూ ఒకే రిసీవబుల్ అకౌంట్‌కు (మనకు రావాల్సిన బాకీల పద్దుకు) పడుతున్నాయో లేదో కూడా అప్పుడే చూడండి. వేర్వేరు అయితే ఒకదాంట్లోని అడ్వాన్సు, రెండోదాంట్లోని బిల్లుకు సర్దడం తలనొప్పి.

అనుమానం ఉన్న ఖాతాలను వెతకడానికి కస్టమర్ లిస్టును ఎక్సెల్‌కు దించుకోవాలి. పేర్లతో ఖాతాలు నడిపేచోట, ఉన్న పేరే మళ్లీ ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ ఆపదు, చివర '- 1' తగిలిస్తుంది. ముందు వాటిని చూడండి. తర్వాత జీఎస్టీ నంబరు, ఆపైన ఫోన్ నంబరు చివరి 10 అంకెలు. ముందున్న +91, సున్నా తీసేస్తేనే నంబర్లు కలుస్తాయి. పేరును చివరికి ఉంచండి. ఒక్క సత్యనారాయణనే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. పైగా మన ఇళ్లలో తాత పేరే మనవడికి పెడతారు, ఇంటిపేరు, ఊరు, ఫోన్ కూడా ఒకటే కావచ్చు. ఆ ఇద్దరి ఖాతాలు కలిపితే ఎవరి బాకీ ఎవరిదో మళ్లీ విడదీయలేం. చెరువుకో ఖాతా కావాలని పెట్టించుకున్న రైతులూ ఉంటారు, వాళ్లవి ముట్టుకోవద్దు. జిల్లా తేడాను మాత్రం పట్టించుకోనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి, అదే అమలాపురం ఒక ఖాతాలో తూర్పు గోదావరి, ఇంకోదాంట్లో కోనసీమ అని ఉంటుంది.

యానాం ఖాతాలకు ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. పిన్‌కోడ్ 533464, చూడ్డానికి పక్క ఊళ్లలాగే ఉంటుంది. కానీ యానాం పుదుచ్చేరిది, జీఎస్టీ నంబరు 34తో మొదలవుతుంది, మన ఆంధ్రాది 37తో. కాకినాడలోనూ యానాంలోనూ షాపున్న వ్యాపారికి పాన్ ఒకటే, అంటే జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పన్నెండో దాకా ఒకేలా ఉంటుంది. ఖాతాలు కలిపితే రెండు అడ్రసులూ ఒకే పేరు కింద చేరతాయి, ప్రిఫర్డ్ బిల్లింగ్ టిక్ రెండింటికీ ఉండొచ్చు. బిల్లు కొట్టే కుర్రాడు చూసుకోకపోతే యానాం పంపిన సరుకు పన్ను పడేదైతే, రాష్ట్రం దాటినప్పుడు వేసే ఐజీఎస్టీ బదులు రాష్ట్రం లోపల వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. ఇలాంటివి విడిగా ఉంచడమే మేలు.

ఏ మాత్రం అనుమానమున్నా కలపకుండా, వాడని ఖాతాకు 'డిసేబుల్డ్' టిక్ పెట్టండి. ఆ టిక్ ఎప్పుడైనా తీసేయొచ్చు.

కలిపే రోజు అందరూ లాగవుటయ్యాక బ్యాకప్ తీసి, దాన్ని వేరే సైట్‌లో (అదే సాఫ్ట్‌వేర్ ఇంకో కాపీలో) రీస్టోర్ చేసి అక్కడ ముందు కలిపి చూడండి. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నమ్మలేం. కలపకముందు రెండు ఖాతాల బాకీలు అకౌంట్స్ రిసీవబుల్ రిపోర్టులో రాసిపెట్టుకోండి. తర్వాత వాటి మొత్తం కలిసిన ఖాతా బాకీతో పైసాతో సహా సరిపోవాలి, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని పద్దుల నిల్వల పట్టిక) కదలకూడదు.

నికర బాకీ సరిపోయినా పని మిగిలే ఉంటుంది. బిల్లు ఒక ఖాతాలో, జమ ఇంకో ఖాతాలో పడినవి ఇంకా విడివిడిగానే కనిపిస్తాయి, డబ్బు కట్టేసిన రైతు 120 రోజుల బకాయిదారుగా రిపోర్టులో తేలతాడు. జమలను బిల్లులకు సర్దే పేమెంట్ రికన్సిలియేషన్ పేజీలో ఆ కస్టమర్‌ను, రిసీవబుల్ అకౌంట్‌ను ఎంచుకుని, సర్దని ఎంట్రీలు తెప్పించి, ఏ జమ ఏ బిల్లుకో చూసి కేటాయించి రికన్సైల్ నొక్కాలి. వసూళ్ల కుర్రాళ్లకు కొత్త బాకీ జాబితా ఇచ్చేది ఇది ముగిశాకే.