నాన్న పొట్టకు బటన్ ట్యూబు: మూడేళ్ల వాడకం తరువాత

పక్షవాతం వచ్చి నాన్నకు మింగే శక్తి పోయి నాలుగున్నరేళ్లయింది. అప్పటినుంచి పొట్ట మీద చేసిన చిన్న రంధ్రంలోంచి ట్యూబుతోనే ఆహారం ఇస్తున్నాం. మొదటి పద్నాలుగు నెలలు పెగ్ అనే పొడవాటి ట్యూబు, ఆ తరువాత ఇప్పటిదాకా బటన్, అంటే చొక్కా గుండీలా చర్మం మీద కూర్చునే పొట్టి ట్యూబు. పొట్ట లోపల నీళ్లు నింపిన చిన్న బెలూన్ దాన్ని ఊడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆహారం లోపలికి పంపడంలో రెండూ ఒకటే. తేడా అంతా రంధ్రం చుట్టూ ఉన్న రూపాయి బిళ్లంత చర్మంలోనే ఉంది.

పొడవాటి ట్యూబు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. పక్కకు తిప్పి పడుకోబెడితే నడుము కింద చిక్కుకునేది, బట్టలు మారుస్తుంటే లాగుకునేది. అలా లాగి లాగి గుండ్రని రంధ్రం కోలగా సాగింది. ఆ సందులోంచి పొట్టలోని ఆమ్లం ఊరి చర్మం ఎర్రబడింది, పొక్కింది. ఆరో నెలకల్లా అంచు చుట్టూ దానిమ్మ గింజల్లా తడితడిగా కండ పెరిగింది. గాజుగుడ్డ తాకితే చాలు రక్తం వచ్చేది. డాక్టరు సిల్వర్ నైట్రేట్ అనే మందు పెట్టి కాల్చినా మళ్లీ వచ్చింది.

ఇందులో మా తప్పు కూడా ఉంది. కారుతోంది కదా అని ట్యూబుకు చర్మం పైన ఉండే బిళ్లను బాగా బిగించి, కింద గాజుగుడ్డ నాలుగు మడతలు పెట్టాం. అలా బిగిస్తే చర్మానికి రక్తం సరిగా అందదు. ట్యూబుకు పొట్ట లోపల ఉండే బిళ్ల మెల్లగా పొట్ట గోడలోకి కూరుకుపోయే ప్రమాదం కూడా ఉంది. పై బిళ్లకూ చర్మానికీ మధ్య అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలని ఒక నర్సమ్మ చేసి చూపించాకే తెలిసింది. ఇంకా లావు ట్యూబు వేయిస్తే కారడం ఆగుతుందని కొందరు చెప్పారు. డాక్టరు ఒప్పుకోలేదు. లావు ట్యూబు రంధ్రాన్నే పెద్దది చేస్తుంది.

బటన్ చర్మం మీద చదునుగా కూర్చుంటుంది. ఆహారం ఇచ్చేటప్పుడే గొట్టం తగిలించి, అయ్యాక తీసేస్తాం. లాగడానికి బయట ఏమీ ఉండదు. రెండు నెలల్లో కండ పూర్తిగా అణిగిపోయింది. అంతకుముందు ప్రతి బనియనుకూ కత్తెరతో కన్నం చేసేవాళ్లం. ఇప్పుడు నాన్న మామూలు బనియను వేసుకుంటున్నారు.

బటన్‌లో అన్నిటికంటే ముఖ్యం కాడ పొడవు, అంటే రంధ్రం లోపల ఉండే భాగం పొడవు. మావారు, నేను మొదట లావు గురించే ఆలోచించాం. ట్యూబు లావును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు. మాది 14 ఫ్రెంచ్, అంటే దాదాపు 4.7 మిల్లీమీటర్లు. అది మారలేదు. పొడవు మాత్రం మార్చాల్సి వచ్చింది. నాన్న కాస్త ఒళ్లు చేశాక, కూర్చోబెట్టినప్పుడు బటన్ చర్మంలోకి దిగబడి చుట్టూ గాడి పడింది. పడుకోబెట్టి చూస్తే ఏమీ కనిపించేది కాదు. మళ్లీ కొలిపించి 2.5 సెంటీమీటర్లది తీసి 3 సెంటీమీటర్లది వేయించాక ఆ గాడి పోయింది. అందుకే కొలత పడుకున్నప్పుడూ కూర్చున్నప్పుడూ తీయమని అడగండి.

ప్రతి ఆదివారం బెలూన్‌లోని నీళ్లు సిరంజితో తీసి చూస్తాను. మా దానిలో 5 మిల్లీలీటర్లు ఉండాలి. తక్కువ వచ్చిందంటే బెలూన్ కారుతున్నట్టే. అందులో సెలైన్ వాడకూడదు, ఉప్పు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఒకసారి రాత్రి బటన్ ఊడి వచ్చేసింది. రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోతుందని తెలుసు కాబట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాం.

లోపాలు లేకపోలేదు. మా బటన్ అడుగు నున్నగా, చదునుగా ఉంటుంది. మే నెల ఉక్కలో చెమట దాని కిందే నిలిచి చర్మం నానిపోతుంది. అడుగున చిన్న గాడులుంటే గాలి ఆడేది. కాడ పొడవును కొద్దిగా సర్దుకునే వీలుంటే ఒళ్లు మారిన ప్రతిసారీ కొత్తది కొనక్కర్లేదు. అన్నిటికీ మించి ధర. పొడవాటి ట్యూబు కంటే చాలా ఎక్కువ, పైగా మూడు నాలుగు నెలలకొకటి మార్చాలి.

ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూస్తూ, పెగ్ ట్యూబు వేయడం 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక పసిబిడ్డతో మొదలైంది. బటన్ కూడా 1980ల నుంచే ఉంది. అయినా డిశ్చార్జి రోజున మాకు దాని మాట ఎవరూ చెప్పలేదు. రంధ్రం చుట్టూ పుండు మానాక బటన్‌కు మారవచ్చా అని మీరే అడగండి. మేము ఆ మాట అడగడానికి పద్నాలుగు నెలలు పట్టింది, ఆ నొప్పంతా నాన్న భరించారు.