దిద్దనివ్వాలా, సూచిస్తే చాలా? ఫోన్ కీబోర్డులో ఏది మేలు

ఫోన్‌లో టైపు చేసేటప్పుడు దొర్లే తప్పుల విషయంలో కీబోర్డుకు మనం మూడు స్థాయుల్లో అధికారం ఇవ్వవచ్చు. స్పేస్ నొక్కగానే అది తనంతట తానే మాటను మార్చేయవచ్చు. మార్చకుండా, పైనున్న పట్టీలో రెండు మూడు మాటలు చూపించి ఊరుకోవచ్చు. లేదా మనం కొట్టింది కొట్టినట్టే ఉంచవచ్చు. కొత్త ఫోన్లలో సాధారణంగా మొదటిదే అమల్లో ఉంటుంది, చాలామంది దాని జోలికి పోరు. ఇంగ్లీషు ఒక్కటే రాసేవారికి అది సబబే కానీ, తెలుగునూ ఇంగ్లీషునూ కలగలిపి రాసేవారికి రెండోదే మేలని నా అభిప్రాయం.

మొదటిదాన్ని, అంటే ఆటో కరెక్షన్‌ను, ఊరికే తీసిపారేయడానికి లేదు. గాజు తెర మీద మీటల అంచులు వేలికి తెలియవు కాబట్టి, వేలు ఏ మీటకు ఎంత దగ్గరగా పడింది, ఆ చోట ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువ అన్న రెండు విషయాలనూ కలిపి కీబోర్డు అంచనా వేస్తుంది. 2007లో మొదటి ఐఫోన్ విడి మీటలు లేకుండా వచ్చి నిలదొక్కుకోవడంలో ఈ అంచనాకు పెద్ద పాత్రే ఉంది. ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఐఫోన్ ఇందుకోసం మరింత శక్తిమంతమైన భాషా నమూనాను, అంటే ఏ మాట రావచ్చో అంచనా వేసే ప్రోగ్రామును, వాడుతోంది. సాఫీగా సాగే ఇంగ్లీషు వాక్యంలో ఈ దిద్దుబాటు చాలావరకు సరిగానే ఉంటుంది, వేగమూ పెరుగుతుంది.

చిక్కంతా అది తప్పినప్పుడు వస్తుంది. మన వేలు తప్పితే పుట్టేది అర్థం లేని అక్షరాల గుంపు; చదివేవారు అది టైపింగ్ పొరపాటని వెంటనే పోల్చుకుంటారు, చాలాసార్లు అసలు మాటనూ ఊహించగలరు. కీబోర్డు తప్పుగా దిద్దితే మాత్రం నిఘంటువులో ఉన్న నిక్షేపమైన మాట వచ్చి కూర్చుంటుంది. దాని కింద ఎర్ర గీత పడదు, పంపే ముందు పైపైన చూస్తే మన కంటికీ ఆనదు, చదివేవారు అదే మన మాటనుకుంటారు. తప్పుల సంఖ్య తగ్గించి, మిగిలిన తప్పులను దాచిపెట్టడం ఈ పద్ధతిలోని లోపం.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారికి ఈ లోపం రెట్టింపవుతుంది. ‘పని’ అనడానికి పీ, ఏ, ఎన్, ఐ అని కొడతాం. అందులో చివరి రెండక్షరాలు స్థానాలు మార్చుకుంటే నొప్పి అనే అర్థమున్న ఇంగ్లీషు మాట అవుతుంది. పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం టైపింగులో అతి మామూలు పొరపాటు కనుక, కీబోర్డు మొదట అనుమానించేదీ దాన్నే. ‘పని అయిందా’ అని అడగబోయి నొప్పి సంగతి అడిగినట్టవుతుంది. కీబోర్డుకు రోమన్ లిపి తెలుగు కూడా ఒక భాషగా జోడించి ఉంటే ఈ బెడద కొంత తగ్గుతుంది కానీ, ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాసే మన అలవాటు వల్ల పూర్తిగా పోదు.

సూచనల పట్టీ ఇదే అంచనాను చేస్తుంది, నిర్ణయం మాత్రం మనకు వదిలేస్తుంది. ఎంచుకోవడానికి అదనంగా ఒక తాకు పడుతుంది, ఆ మేరకు వేగం తగ్గుతుంది. నాకది గిట్టుబాటు బేరంగానే తోస్తుంది. గూగుల్ వారి కీబోర్డు జీబోర్డ్‌లో అయితే సెట్టింగ్స్‌లోని టెక్స్ట్ కరెక్షన్ భాగంలోకి వెళ్లి ఆటో కరెక్షన్‌ను మాత్రం ఆపి, సూచనల పట్టీనీ స్పెల్ చెక్‌నూ ఉంచుకోవాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్ అనే వరుసలో వెళ్తే ఆటో కరెక్షన్‌కు, ప్రెడిక్టివ్ టెక్స్ట్‌కు వేర్వేరు స్విచ్‌లు ఉంటాయి. దిద్దుబాటును వదులుకోలేనివారు కనీసం వెనక్కి తిప్పుకునే దారి తెలుసుకోవాలి: జీబోర్డ్‌లో ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే దిద్దిన వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు పాత మాట తిరిగి వస్తుంది, ఐఓఎస్ 17 నుంచి దిద్దిన మాట కింద కాసేపు గీత కనిపిస్తుంది, దాన్ని తాకితే మొదట కొట్టినది చూపిస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు లిపి వచ్చే పద్ధతిలో ఈ ఎంపికకు అంతగా అర్థం లేదు, ఎందుకంటే అక్కడ పని మొత్తం అంచనా మీదే నడుస్తుంది. కే, ఏ, ఎల్, ఏ అని కొడితే కల, కళ, కాల అన్నీ సాధ్యమే, స్పేస్ నొక్కితే పట్టీలో మొదటిదే ఖాయమవుతుంది. నేరుగా తెలుగు అక్షరాలున్న కీబోర్డులో ‘ళ’ కావాలంటే ‘ళ’నే నొక్కుతాం, ‘క’ తరువాత పొల్లు, ఆపైన ‘ష’ కొట్టి ‘క్ష’ తెచ్చుకుంటాం. చేయి తిరగడానికి సమయం పడుతుంది, నిజమే. అయినా ఊరి పేర్లు, ఇంటిపేర్లు, మాండలికపు మాటలు ఎక్కువగా రాసేవారికి ఇదే నమ్మదగినది. చిన్న చిన్న కబుర్లకు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతి చాలు.

అన్నీ ఆపేసే మూడో పద్ధతి కంప్యూటర్ ఆదేశాలు ఫోన్‌లో టైపు చేసేవారికి తప్ప పెద్దగా అక్కరకు రాదు. వారు ఐఫోన్‌లోని స్మార్ట్ పంక్చుయేషన్‌ను కూడా ఆపాలి, లేకుంటే అది మామూలు కోట్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చి ఆదేశాన్ని పాడుచేస్తుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా సొంత మాటలను ముందే కీబోర్డుకు పరిచయం చేస్తే బాధ చాలా తగ్గుతుంది. జీబోర్డ్‌లో పర్సనల్ డిక్షనరీలో, ఐఫోన్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లో ఇంటివారి పేర్లు, వృత్తి మాటలు చేర్చుకోవచ్చు. చిరునామా వంటి పొడవైన వాటికి రెండక్షరాల షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు, పాస్‌వర్డులను మాత్రం అందులో దాచకూడదు. కీబోర్డు మన తప్పులను కూడా నేర్చుకుంటుందన్నది మరో సంగతి. ఇక్కడ జీబోర్డ్ మెరుగు: పట్టీలో కనిపించిన తప్పు మాటను నొక్కిపట్టి చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగితే అదొక్కటే పోతుంది. ఐఫోన్‌లో రీసెట్ కీబోర్డ్ డిక్షనరీ నొక్కితే తప్పులతో పాటు అది ఇన్నాళ్లూ నేర్చుకున్న మంచి మాటలూ తుడిచిపెట్టుకుపోతాయి.