కెఫీన్ లేని లెమన్ హెర్బల్ టీ: చాలాకాలం తాగాక నా మాట

పొద్దుపోయాక వేడిగా ఏదైనా తాగాలని ఉంటుంది, టీ తాగితే మాత్రం నిద్ర పట్టదు. ఈ చిక్కు ఉన్నవాళ్లకు కెఫీన్ లేని లెమన్ హెర్బల్ టీ కన్నా మంచి దారి నాకు కనబడలేదు. కొన్నేళ్లుగా సాయంత్రం దాటాక నేను తాగుతున్నది ఇదే. టీ బ్యాగులు, విడి ఆకు, ఒక్క నిమ్మగడ్డితో చేసినవి, ఏడెనిమిది దినుసులు కలిపినవి, అన్నీ వాడి చూశాను. ఇంతకాలంలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: ఈ టీకి ప్రాణం నిమ్మ పులుపులో లేదు, నిమ్మ వాసనలో ఉంది. ఆ వాసనను పొట్లం నుంచి కప్పు దాకా పోనివ్వకుండా తెచ్చుకుంటే ఇంతటి హాయి మరో పానీయంలో దొరకదు. అది పోతే మిగిలేది రంగు నీళ్లే. అందుకే ఈ సమీక్షలో రుచి కన్నా ఎంపిక గురించి, కాచే తీరు గురించి ఎక్కువ చెబుతున్నాను.

ముందు కెఫీన్ సంగతి తేల్చుకుందాం. బ్లాక్ టీ, గ్రీన్ టీ, వైట్ టీ, అన్నీ తేయాకు మొక్క నుంచే వస్తాయి కాబట్టి వాటన్నిటిలో కెఫీన్ ఉంటుంది. ఒక కప్పు బ్లాక్ టీలో సుమారు 40 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుందని లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ఒంట్లో అందులో సగం కరిగిపోవడానికి సగటున 5 గంటలు పడుతుంది. అంటే సాయంత్రం 6 గంటలకు తాగిన కప్పులోని కెఫీన్ సగం రాత్రి 11 గంటలకు కూడా పని చేస్తూనే ఉంటుంది. గర్భిణుల్లో ఈ సమయం ఇంకా ఎక్కువ. హెర్బల్ టీలో తేయాకే ఉండదు కాబట్టి తీసేయవలసిన కెఫీన్ కూడా ఉండదు. డీకాఫ్ అని అమ్మేది వేరు. అది తేయాకే, అందులోంచి కెఫీన్‌ను చాలావరకు తీసేస్తారు. కప్పుకు కొన్ని మిల్లీగ్రాములు మిగిలే ఉంటుంది.

కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. పెట్టె మీద లెమన్ టీ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. వెనక్కి తిప్పి దినుసుల పట్టీ చదివితే బ్లాక్ టీయో గ్రీన్ టీయో ముందు కనిపిస్తుంది. హెర్బల్ అన్న మాట ఉన్నంతమాత్రాన కూడా నిశ్చింతగా ఉండలేం. యెర్బా మాటే ఆకు, గ్వారానా గింజ మొక్కల నుంచి వచ్చినవే అయినా వాటిలో కెఫీన్ దండిగా ఉంటుంది. ఈ రెండూ, తేయాకూ లేని పెట్టెనే ఇంటికి తెస్తాను.

ఇక నిమ్మ వాసన ఎక్కడి నుంచి వస్తుందన్నది చూద్దాం. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే. మనం నిమ్మ వాసన అని గుర్తుపట్టేదానికి ప్రధాన కారణం సిట్రాల్ అనే పదార్థం. నిమ్మ తొక్కలోని నూనెలో ఎక్కువ భాగం లిమొనీన్, సిట్రాల్ ఉండేది కొద్ది శాతమే. నిమ్మగడ్డి నూనెలో మాత్రం సిట్రాల్ 70 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. ఆస్ట్రేలియాలో పెరిగే లెమన్ మర్టిల్ అనే చెట్టు ఆకుల నూనెలో అయితే 90 శాతం దాటుతుంది. అంటే మంచి లెమన్ హెర్బల్ టీకి నిమ్మకాయ కన్నా ఈ ఆకులే ముఖ్యం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన లెమన్ వెర్బెనా ఆకుది మరీ మెత్తని వాసన, చివర్లో కాస్త తీపి తగులుతుంది. నా ఓటు దానికే. లెమన్ బామ్ పుదీనా కుటుంబానికి చెందిన మొక్క. పచ్చి ఆకు నలిపితే గుప్పుమంటుంది కానీ అందులో నూనె చాలా తక్కువ, ఎండితే వాసన చాలావరకు పోతుంది. అందుకని ఎండు లెమన్ బామ్ ఒక్కదానితో చేసిన టీ ఎన్నిసార్లు తాగినా నాకు చప్పగానే అనిపించింది. కుండీలో పెంచుకుని పచ్చి ఆకు వాడుకుంటే మాత్రం దాని అసలు గుణం తెలుస్తుంది.

మార్కెట్లో ఎక్కువగా దొరికే మరో రకం ఎర్రటిది. అందులో మందార అని రాసి ఉన్నది గోంగూర మొక్కజాతి పూల కింద ఉండే ఎర్రటి రక్షక పత్రాలు. వాటికి తోడు గులాబీ కాయలు, సిట్రిక్ ఆమ్లం వేస్తారు. పుల్లగా, చూడ్డానికి అందంగా ఉంటుంది. చల్లగా తాగడానికి బాగుంటుంది కూడా. దినుసుల పట్టీలో బరువు ఎక్కువున్నది ముందు రాయడం చాలా దేశాల్లో నియమం కాబట్టి, పట్టీ మందారతో మొదలైతే అది నిమ్మ తగిలించిన మందార టీ అని అర్థం చేసుకోవాలి. పులుపు ఇష్టమైనవాళ్లు అదే కొనుక్కోవచ్చు. నిమ్మ వాసన కోసం వెతికేవాళ్లు నిమ్మగడ్డి గానీ వెర్బెనా గానీ ముందున్న పట్టీని చూసుకోవాలి.

కాచే విషయంలో ఈ టీ చాలా సులువు, ఒక్క విషయంలో తప్ప. గ్రీన్ టీకి నీళ్లు కాస్త చల్లారాలి, లేకపోతే చేదెక్కుతుంది. దీనికి ఆ బాధ లేదు. నీళ్లు తెర్లేలా మరగాలి, మరిగిన వెంటనే ఆకు మీద పోయాలి. ఎండు మూలికల్లో సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది కాబట్టి మరిగే నీళ్లు వాడడం ఆరోగ్యం రీత్యా కూడా మంచిది. కప్పు నీళ్లకు, అంటే 200 మిల్లీలీటర్లకు, తరిగిన ఎండు ఆకు రెండు చెంచాలు వేస్తాను. టీ బ్యాగులో ఉండేది సాధారణంగా రెండు గ్రాముల లోపే కాబట్టి పెద్ద మగ్గు అయితే రెండు బ్యాగులు కావాలి. ఒక్క బ్యాగుతో పెద్ద మగ్గు నింపుకుని టీ పలచగా ఉందని ఆ రకాన్నే తీసిపారేస్తే దానికి అన్యాయం చేసినట్టే.

శ్రద్ధ పెట్టవలసింది మూత దగ్గర. సిట్రాల్ ఆవిరితో పాటే లేచిపోతుంది. మూత లేకుండా వదిలేస్తే గది అంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో మాత్రం ఏమీ మిగలదు. మూత పెట్టి ఎనిమిది నిమిషాలు ఆగి తీసి చూడండి. లోపలి వైపు చిన్న చిన్న బొట్లు పట్టి ఉంటాయి. ఒక బొట్టు వేలికి అద్దుకుని వాసన చూస్తే మొత్తం కప్పులో ఉన్నదానికన్నా చిక్కటి నిమ్మ వాసన అక్కడ ఉంటుంది. ఆ మూతను వెంటనే పక్కన పెట్టకుండా కప్పు మీదే వంచి దులిపితే ఆ బొట్లు కూడా టీలో పడతాయి. మూత ఉన్న గాజు లేదా పింగాణీ కూజా ఉంటే మేలు. అది లేకపోతే కప్పు మీద చిన్న సాసరు బోర్లించినా సరిపోతుంది.

పెట్టె మీద మూడు నాలుగు నిమిషాలు చాలని రాసి ఉన్నా నేను పట్టించుకోను. ఏడెనిమిది నిమిషాలకు గానీ సారం పూర్తిగా దిగదు. తేయాకులో ఉన్నంత టానిన్లు వీటిలో లేవు కాబట్టి పది నిమిషాలు దాటినా వగరెక్కదు. నిమ్మ తొక్క ఎక్కువగా ఉన్న రకాల్లో మాత్రం తొక్క లోపలి తెల్లటి పొర వల్ల కాస్త చేదు తేలుతుంది, మందార ఉన్నవి పులుపెక్కుతాయి. వాటిని ఐదు నిమిషాల్లో వడకట్టేయడం మంచిది.

ఆకును పొయ్యి మీద పెట్టి మరిగించడం నాకు నచ్చదు. రంగు వస్తుంది, వాసన పోతుంది. పచ్చి నిమ్మగడ్డి కాడలైతే కొంత మినహాయింపు ఇస్తాను. అవి పీచుగా, గట్టిగా ఉంటాయి. రోకలితో ఒకసారి చితక్కొట్టి, మూత పెట్టిన గిన్నెలో సన్నటి సెగ మీద రెండు నిమిషాలు ఉంచి, దించేశాక మరో ఐదు నిమిషాలు మూత తీయకుండా వదిలేస్తే ఎండు ఆకులో దొరకని తాజాదనం వస్తుంది. పుల్లటి రకాలను అల్యూమినియం గిన్నెలో కాచకపోవడం మంచిది.

నీళ్ల ప్రభావం కూడా ఉంది. సున్నం ఎక్కువున్న నీళ్లతో ఈ టీ మందకొడిగా ఉంటుంది. ఆ నీళ్లలోని బైకార్బొనేట్లు పులుపును కొంత విరిచేస్తాయి. అదే ఆకు శుద్ధి చేసిన నీళ్లతో కాస్తే తేడా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది.

తీపి కావాలంటే తేనె. కాస్త చల్లారాక కలిపితే దాని వాసన నిలుస్తుంది. పాలు వద్దు. తొక్క, మందార, సిట్రిక్ ఆమ్లం ఉన్న రకాల్లో పాలు విరిగిపోతాయి. కేవలం ఆకుతో చేసినవాటిలో విరగకపోయినా పాల కొవ్వు వాసనను అణిచేస్తుంది. నిమ్మరసం పిండుకోవాలనిపిస్తే తాగేముందు నాలుగు చుక్కలు చాలు. ఈ టీతో విటమిన్ సి దండిగా అందుతుందని ఆశ పెట్టుకోవడం అనవసరం. ఎండబెట్టడంలో కొంత, వేడిలో కొంత పోతుంది.

ఇప్పుడు లోపం చెప్పాలి. తేయాకు రుచికి అలవాటు పడ్డ నాలుకకు ఇది తేలికగా అనిపిస్తుంది. టీలో ఉండే వగరు, గొంతులో నిలిచే బరువు ఇందులో ఉండవు. ఈ వెలితి నన్ను చాలాకాలం వేధించింది. చివరికి దొరికిన మందు రూయిబోస్. దక్షిణాఫ్రికాలో పెరిగే ఈ ఎర్రటి ఆకులో కెఫీన్ ఉండదు, టానిన్లు తక్కువ, కానీ టీకి కావలసిన చిక్కదనం ఉంటుంది. ఒక వంతు రూయిబోస్, రెండు వంతుల నిమ్మగడ్డి, పావు వంతు వెర్బెనా కలిపి ఇప్పుడు నేను రోజూ వాడుతున్నాను. టీ మానలేక బాధపడే స్నేహితులకు నేను ముందుగా ఇచ్చేది ఈ మిశ్రమమే.

నిద్ర విషయం సూటిగా చెబుతాను. ఈ టీ నిద్ర తెప్పించిందని అనను. టీ తాగి పడుకున్న రాత్రుల్లో ఉండే చిరాకు లేదు, అది చాలు నాకు. లెమన్ బామ్‌కు మనసును కుదుటపరుస్తుందన్న పేరు పాతకాలం నుంచీ ఉంది. నిద్రమాత్రలు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు మాత్రం దాన్ని రోజూ తాగేముందు డాక్టరును అడగాలి. తీపి కోసం కొన్ని రకాల్లో అతిమధురం వేస్తారు. అందులోని గ్లిసిరైజిన్ ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్లు పట్టీలో ఈ పేరు కనిపిస్తే వేరేది తీసుకోవడం క్షేమం. కామొమైల్ కలిపినవి చామంతి జాతి పూలు పడనివాళ్లకు పడవు. గర్భిణులు ఏ మూలికల టీ అయినా అడిగాకే తాగాలి.

పళ్ల సంగతి చాలామందికి తట్టదు. పుల్లటి రకాలను గంటల తరబడి గుక్క గుక్కగా చప్పరిస్తే పళ్ల మీది ఎనామెల్ మెత్తబడుతుంది. అది తాగిన వెంటనే బ్రష్ చేసుకోకుండా నీళ్లు పుక్కిలించి అరగంట ఆగాలి. నిమ్మగడ్డి, వెర్బెనా వంటి ఆకులతో చేసినవి అంత పుల్లగా ఉండవు. రాత్రిపూట వాటినే ఎంచుకోవడానికి ఇది మరో కారణం.

టీ బ్యాగుల గురించి నా అభిప్రాయం కాలక్రమేణా గట్టిపడింది. 2019లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్లాస్టిక్ టీ బ్యాగును 95 డిగ్రీల నీళ్లలో ఉంచితే కప్పులోకి వందల కోట్ల సంఖ్యలో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరుతున్నాయని ప్రకటించారు. ఈ టీకి మరిగే నీళ్లు, ఎక్కువసేపు నానడం రెండూ కావాలి కాబట్టి నైలాన్ సంచులు నాకు వద్దు. విడి ఆకు, వెడల్పాటి స్టీలు జాలీ చాలు. జాలీ ఇరుకైతే ఆకు విప్పారదు, సారం సగమే దిగుతుంది.

దాచే పద్ధతి కూడా వాసన కోసమే. గాలి, వెలుతురు, వేడి తగిలితే సిట్రాల్ చెడుతుంది. తొక్కలోని లిమొనీన్ ఆక్సీకరణ చెందితే టర్పెంటైన్‌ను గుర్తుచేసే ఘాటు వస్తుంది. అందుకని గాలి చొరని డబ్బాలో పోసి పొయ్యికి దూరంగా, మసాలాలూ కాఫీ పొడీ లేని అలమరలో పెడతాను. విడివిడిగా రేకు కవర్లలో వచ్చే బ్యాగులు కాగితం కవర్లలో వాటికన్నా ఎక్కువకాలం నిలుస్తాయి. గడువు తేదీ కన్నా నా ముక్కునే ఎక్కువ నమ్ముతాను. చిటికెడు ఆకు తీసి అరచేతిలో నలిపితే వాసన వెంటనే పైకి లేవాలి. ఎండుగడ్డి వాసన వస్తే ఎంత కాచినా లాభం లేదు. అలాంటి పొట్లాన్ని కుండీల్లోని మట్టిలో కలిపేసి కొత్తది తెచ్చుకుంటాను. కొత్త రకమైతే అన్నిటికన్నా చిన్న పొట్లమే తీసుకుంటాను, రెండు నెలల్లో అయిపోయేంత.