సగంలో ఆగిన డేటా ట్రాన్స్‌ఫర్: మళ్లీ మొదటి నుంచా, మిగిలింది మాత్రమేనా?

కొత్త కంప్యూటర్‌కి డేటా ఎక్కుతూ ఎక్కుతూ 71 శాతం దగ్గర ఆగింది. రాత్రంతా వదిలేసి పొద్దున లేచి చూస్తే అదే అంకె. ఫోటోల ఫోల్డర్ తెరిస్తే పేర్లన్నీ ఉన్నాయి. ఒక వీడియో సైజు పాతదాంతో అచ్చంగా సరిపోయింది కూడా, కానీ నొక్కితే ప్లే కాలేదు. కొన్ని ప్రోగ్రామ్‌లు కాపీ మొదలయ్యేటప్పుడే ఫైలుకు పూర్తి చోటు కేటాయించేస్తాయి. మధ్యలో తెగితే పెట్టె మిగులుతుంది, లోపల సరుకుండదు. కాబట్టి సైజు చూసి నమ్మొద్దు.

కొత్తదాంట్లో మీ పని ఇంకా ఏమీ మొదలుపెట్టకపోతే, దాన్ని తుడిచేసి మొదటి నుంచి చేయడమే శుభ్రం. మ్యాక్‌లో డేటా మార్చే ప్రోగ్రామ్ మైగ్రేషన్ అసిస్టెంట్ అయితే అకౌంట్లు, యాప్‌లు, సెట్టింగ్‌లు అన్నీ తెస్తుంది. సగం వచ్చిన అకౌంట్ మీద మళ్లీ నడిపితే మాత్రం ముందు వచ్చినది తీసేయాలా, రెండూ ఉంచాలా అని అడుగుతుంది, అక్కడే గందరగోళం. ఈసారి వైఫై వద్దు, కేబుల్ పెట్టండి. రెండు మెషిన్లూ నిద్రపోకుండా చూసుకోండి.

కొత్తదాంట్లో పని మొదలైపోయిందా? అయితే ఫైళ్లు మాత్రం తెచ్చుకోవడమే నయం. దానికి కమాండ్ టైప్ చేసి నడిపే కాపీ ప్రోగ్రామ్‌లు విండోస్‌లో రోబోకాపీ, మ్యాక్‌లో ఆర్‌సింక్ ఉన్నాయి. సైజు, తేదీ రెండూ పోల్చి, తేడా ఉన్నవే కాపీ చేస్తాయి. అందుకే మధ్యలో తెగినా బాధ లేదు, మళ్లీ నడపడమే. రోబోకాపీతో ఒక్క జాగ్రత్త. మనం మార్చకపోతే, చదవలేని ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్కేస్తే 347 రోజులు! ప్రయత్నాలు ఒకటికి తగ్గించి, ఏది వచ్చింది, ఏది రాలేదు అని చెప్పే లాగ్ ఫైలు రాయించుకోండి.

ఈ పద్ధతిలో ప్రోగ్రామ్‌లు రావు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. క్రోమ్, ఎడ్జ్ లాంటి బ్రౌజర్ల ఫోల్డర్ మోసుకొచ్చినా విండోస్‌లో పాస్‌వర్డ్‌లు తెరుచుకోవు, పాత యూజర్ అకౌంట్‌తో తాళం వేసి ఉంటాయి. వాటిని బ్రౌజర్‌లో లాగిన్ అయి సింక్ ద్వారా తెచ్చుకోవాలి.

పాత డిస్క్ టక్‌టక్‌మంటుంటే పై రెండూ మానేయండి. తిప్పిన ప్రతిసారీ దానికి గండమే. బ్యాకప్ ఉంటే అందులోంచే తీసుకోండి. ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదుగా తెస్తుంటే ఇంకోటి చూడండి: అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దానిమీద పట్టదు. చాలామంది తప్పు కేబుల్ మీదకి తోసేస్తారు గానీ అసలు దోషి ఇదే అయి ఉండొచ్చు.

నేను రెండో దారే పట్టాను. లాగ్ చివర ఫెయిలైంది ఒక్కటే కనిపించింది: మెయిల్ పెట్టె. పాత కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రామ్ నేనే తెరిచి వదిలేశాను. దాన్ని మూసి మళ్లీ నడిపితే ఆ ఒక్కటీ వచ్చేసింది. పాతదాన్ని మాత్రం ఇంకా తుడవలేదు. రోజుకో పెద్ద ఫైలు తెరిచి చూస్తున్నాను.