లారవెల్‌లో అర్రే వ్యాలిడేషన్: స్టార్ గుర్తు చూసేదెంత, వదిలేసేదెంత

ఆర్డర్ ఫారమ్ నుంచి అర్రేగా, అంటే జాబితాగా, ఎన్ని వరుసలు వస్తాయో ముందుగా తెలియనప్పుడు వాటిని సరిచూడటానికి (వ్యాలిడేషన్) లూప్ తిప్పి ఒక్కో వరుసకూ ఇఫ్‌లు రాసుకునే శ్రమను పీహెచ్‌పీ భాషలో వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ లారవెల్ 5.2 వెర్షన్‌లోనే తప్పించింది. ‘ఐటమ్స్.*.క్వాంటిటీ’ అనే కీకి (డేటాలోని గడి పేరుకి; స్టార్ అంటే ‘ప్రతి వరుస’) రిక్వైర్డ్ (తప్పనిసరి), ఇంటిజర్ (పూర్ణాంకం), మిన్:1 (కనీసం 1) అనే రూల్స్ ఇస్తే వరుసలు మూడైనా ముప్పైయైనా ప్రతిదానికీ అదే పరీక్ష జరుగుతుంది. రోజూ వాడుతున్న నాకు పీహెచ్‌పీ పనిలో ఇంత హాయినిచ్చిన సదుపాయాలు కొద్దిగానే ఉన్నాయి.

అయితే స్టార్ గుర్తు వచ్చిన వరుసలనే చూస్తుంది, రాని వాటి గురించి అడగదు. ‘ఐటమ్స్’ అసలు రాకపోతే పరీక్షించడానికి వరుసే ఉండదు కనుక లోపల రిక్వైర్డ్ ఉన్నా ఎర్రర్ రాదు. ‘ఐటమ్స్’ కీకే రూల్ రాయడం మరిచిపోయిన నేను, ఒక్క వస్తువూ లేని ఆర్డర్ డేటాబేస్‌లోకి చేరాక గానీ ఈ సంగతి గ్రహించలేదు. ‘ఐటమ్స్’కు విడిగా రిక్వైర్డ్, అర్రే అని రాయాలి; అప్పుడు ఖాళీ అర్రే కూడా ఆగిపోతుంది.

9వ వెర్షన్ నుంచి వచ్చిన మార్పు నాకు మరీ నచ్చింది. ఎవరైనా వరుసలో ‘ప్రైస్’ అనే కీని దొంగచాటుగా చేర్చి పంపినా, దానికి మనం రూల్ రాయలేదు కాబట్టి పరీక్ష నెగ్గిన డేటాను తిరిగిచ్చే వ్యాలిడేటెడ్ మెథడ్ ఫలితంలో అది కనిపించదు. కానీ లోపలి కీలకు ఒక్క రూలూ లేకుండా ‘ఐటమ్స్’కు అర్రే అని మాత్రమే రాసి వదిలేస్తే మొత్తం అర్రే యథాతథంగా వచ్చేస్తుంది. అదనపు కీ వస్తే వడపోయడం కాక తిరస్కరించాలనుకుంటే, ‘ఐటమ్స్.*’కు అర్రే:ప్రాడక్ట్_ఐడీ,క్వాంటిటీ అని రాయవచ్చు.

ఒకే వస్తువు రెండుసార్లు రాకుండా డిస్టింక్ట్ రూల్ చూసుకుంటుంది. ఎర్రర్ మెసేజ్‌లో ‘ఐటమ్స్.2.క్వాంటిటీ’ అని కనిపిస్తే వాడుకరికి ఏమీ అర్థం కాదు. మెసేజ్‌ను మనమే రాసి అందులో :పొజిషన్ పెడితే లెక్క 1 నుంచి మొదలై ‘3వ వరుస’ అని చూపవచ్చు.

నా ఫిర్యాదంతా స్టార్ కీతో ఎగ్జిస్ట్స్ రూల్ (ఇచ్చిన విలువ డేటాబేస్‌లో ఉందో లేదో చూసేది) వాడటం గురించే. అది వరుసకొక క్వెరీ (ప్రశ్న) చొప్పున డేటాబేస్‌ను అడుగుతుంది, అంటే 200 వరుసలకు 200 క్వెరీలు. ఐడీలు మాత్రమే ఉన్న జాబితా అయితే స్టార్ లేకుండా ఆ కీకే అర్రే, ఎగ్జిస్ట్స్ రెండూ కలిపి ఇస్తే పని ఒక్క క్వెరీతో పూర్తవుతుంది.