ఇంప్రెషన్స్ కాలమ్‌తో మూడేళ్లు

గుంటూరు బ్రాడీపేటలో మాది పచ్చళ్ల కొట్టు. మూడేళ్లుగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో యాడ్లు ఇస్తున్నాను.

మొదటి ఏడాది ఆ పని ఒక ఏజెన్సీకి అప్పగించాను. నెలాఖరుకి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చేది: "సార్, 40,000 ఇంప్రెషన్స్!" అన్ని వేలమంది మన గోంగూర జాడీ చూశారని మా ఆవిడకి చూపించి మురిసిపోయేవాణ్ణి. కొట్లో మాత్రం ఈగలు తోలుకోవడమే.

గుట్టు మా బావ నోటివెంట బయటపడింది. "ఏం బావా, ఫోన్ తీస్తే నీ జాడీయే! పొద్దున ఒకసారి, రాత్రి రెండుసార్లు. మీ ఇంట్లో పచ్చడి తినేవాడికే యాడ్ చూపిస్తావేంటి?" అన్నాడు.

అప్పుడు యాడ్ల లెక్కలన్నీ చూపించే 'యాడ్స్ మేనేజర్' పేజీ నేనే తెరిచాను. ఇంప్రెషన్స్, అంటే యాడ్ మొత్తం ఎన్నిసార్లు కనబడిందో ఆ లెక్క, 40,000. పక్కనే రీచ్ 5,000. చూసింది అయిదు వేలమందే, సగటున తలా ఎనిమిదిసార్లు. ఆ ఎనిమిదినే ఫ్రీక్వెన్సీ అంటారు. ఆ కాలమ్ స్క్రీన్‌షాట్‌లో ఎప్పుడూ ఉండేది కాదు! వెయ్యి ఇంప్రెషన్లకి 60 రూపాయలంటే చవకే అనిపించింది. మనిషికి లెక్కేస్తే 48 పైసలు, పైన 18 శాతం జీఎస్టీ.

ఇంకోటి. యాడ్ తెరమీదికి వస్తే చాలు, ఇంప్రెషన్ పడిపోతుంది. వీడియో ఆడక్కర్లేదు, చదవక్కర్లేదు. కిందికి జరిపి మళ్లీ పైకొచ్చి అదే యాడ్ చూస్తే ఒకటిగానే లెక్క. సాయంత్రం మళ్లీ వస్తే రెండోది. వెబ్‌సైట్లలో వచ్చే బ్యానర్లకి 'వ్యూయబుల్' అని ఇంకో కొలత ఉంది: సగం బొమ్మ కనీసం ఒక సెకను కనబడాలి, వీడియో అయితే రెండు సెకన్లు. ఆ సెకనులో ఎవరైనా ఏం చదువుతారో మరి.

అలాగని ఇంప్రెషన్స్ దండగ అనను. శంకర్ విలాస్ సెంటర్లో ఫ్లెక్సీ కడితే ఎంతమంది చూశారో చెప్పే నాథుడే లేడు. ఇక్కడ కనీసం లెక్కుంది. ఆవకాయ సీజన్లో పేరు నలుగురి నోళ్లలో నానాలంటే పనికొస్తుంది. అమ్మకాలకి మాత్రం నేను వాట్సాప్‌కి వచ్చిన మెసేజ్‌లే చూస్తాను. ఫ్రీక్వెన్సీ మూడు దాటితే బొమ్మ మార్చేస్తాను.

పాత ఖాతాదార్ల నంబర్లన్నీ ఎక్కించి, వాళ్లకి యాడ్ వెళ్లకుండా ఆపేశాను, బావ నంబరుతో సహా. ఇప్పుడు ఆయన ఫోన్లో పక్కవీధి వాళ్ల మాగాయ కనిపిస్తోందట.